గొంతు లేని దొర పాడిన రాత్రి

ఒట్టు వెయ్యమంటే దేని మీద వెయ్యను... అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. కళ్ళ మీద వేద్దామంటే రెండింటికీ ఆపరేషన్ అయింది. అందుకే ఈ కుడి చెయ్యి మీద వేస్తున్నాను. ఆ రాత్రి ఈ చెయ్యి ఆయన వీపు మీద ఉంది. ఆయన లోపల ఏం జరిగిందో, ఏం జరగలేదో ఈ చేతికి తెలుసు. నేను చెప్పబోయే దాంట్లో ఒక్క ముక్క కూడా నేను కల్పించింది కాదు. మీరు నమ్మకపోతే నాకు కోపం రాదు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదిప్పుడు.

మలాయ్ దేశంలో, బాగన్ దాతుక్ వైపు కొబ్బరి ఎస్టేటు. అక్కడి చిన్న ఆసుపత్రిలో నేను ఆయాని. నా పెనిమిటి క్లాంగ్ రేవులో మూటలు మోసే పనికి వెళ్ళిపోయాడు. మా అమ్మ, మా పిల్లాడు ఎస్టేటు లైన్లలో ఉండేవాళ్ళు. లైన్లంటే కూలివాళ్ళ ఇళ్ళు. ఒకే కప్పు కింద వరసగా గదులు.

అక్కడి ఎమర్జెన్సీ రోజులు అవి, ఇంగ్లీషువాళ్ళ మీద కమ్యూనిస్టులు తిరగబడ్డ కాలం. అడవిలో తుపాకులు పట్టుకున్నవాళ్ళు. రోడ్డు మీద తుపాకులు పట్టుకున్నవాళ్ళు. మధ్యలో మేం. లైన్ల చుట్టూ ముళ్ళకంచె వేశారు. ఆసుపత్రికి వేరే కంచె వేశారు. రెండు కంచెల మధ్యా కొబ్బరి వరసలు. పొద్దుగూకితే కర్ఫ్యూ. ఆ తర్వాత కొబ్బరి వరసల్లో ఏది కదిలినా కాల్చొచ్చని ఆర్డరు. మనిషా, మేకా అని అడిగేది లేదు.

నాతో పనిచేసే రెండో ఆయా కూతురి పురిటికని వెళ్ళింది. వెళ్ళాక రోడ్డు మూసేశారు. ఇక తను రాలేదు. పగలూ నేనే, రాత్రీ నేనే. ఎన్నాళ్ళలా చేశానో నాకే గుర్తులేదు. నిలబడి కునికేదాన్ని. గిన్నె కడుగుతూ కునికేదాన్ని. ఒకసారి థర్మామీటరు నా నోట్లోనే పెట్టుకుని కూర్చున్నాను. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే... తర్వాత మీరే అంటారు, నిద్రలేక ఏదో విన్నావని. అనండి. నేనూ అనుకున్నాను.

ఆయన్ని తెచ్చింది ఒక మధ్యాహ్నం. తెల్లాయన. ముసలాయన. బాగా మాసిన తెల్ల సూటు. మేనేజరు బంగళాలో పియానో ఉండేది. ఉప్పుగాలికి దాని తీగలు వదులైపోతే, ఈయన ఊళ్ళు తిరుగుతూ వచ్చి బిగించేవాడట. పియానో ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. జ్వరం, దగ్గు. దగ్గుతున్నాడని బంగళాలో ఉంచుకోలేదు. పట్నం పంపుదామంటే కర్ఫ్యూ లోపల లారీ తిరిగి రాదు. కూలివాళ్ళ ఆసుపత్రికే తెచ్చారు.

మా డ్రెస్సరు అప్పలస్వామి గారు. డాక్టరు ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు గనక మాకు డ్రెస్సరే డాక్టరు. ఆయన ముసలాయన గొంతులోకి టార్చి వేసి చూసి నా వైపు తిరిగాడు.

"పాటగాడంట రత్నం. ఇటలీ నించి నాటకాల కంపెనీతో వొచ్చినాడంట. కంపెనీ దివాలా తీసింది, ఈయన ఇక్కడే ఉండిపోయినాడు."

"ఈయన పాడతాడేటి బాబూ? మాటే రావట్లేదు గదా."

"ఒకప్పుడు. ఇప్పుడు గొంతులో ఏటీ లేదు. మొత్తం పుండు మానిన మచ్చలే."

నిజమే. ఆయన మాట్లాడితే గాలే. పెదవులకి దగ్గరగా చెవి పెడితే గాని వినబడదు. పేరు సిల్వియో. దేశంలో చాలాకాలంగా ఉన్నాడు గనక మలాయ్ బాగా వచ్చు. నాతో ఆ భాషలోనే మాట్లాడాడు. యుద్ధంలో ఇటలీవాడని ఇంగ్లీషువాళ్ళు కొన్నాళ్ళు క్యాంపులో పెట్టారట. తర్వాత జపాన్‌వాళ్ళు వచ్చి వాళ్ళూ క్యాంపులోనే పెట్టారు. ఆ రెండో క్యాంపులో గొంతుకి జబ్బు చేసింది. మందు లేదు. ప్రాణం మిగిలింది, గొంతు పోయింది.

పనిముట్ల సంచి అడుగున ఆయన దగ్గర ఒక గ్రామఫోను ప్లేటు ఉంది. పాత లుంగీ గుడ్డలో చుట్టి పెట్టుకున్నాడు. ఒకవైపే పాట. రెండో వైపు నున్నగా, ఏమీ లేకుండా. మధ్యలో కాగితం మీద పేరు ఉండే చోట, వేలితో తుడిచి తుడిచి అక్షరాలు చెరిగిపోయాయి.

"ఇక్కడ గ్రామఫోను ఉందా?" అని అడిగాడు.

డ్రెస్సరు గారికి ఒకటుంది. పెళ్ళిలో వచ్చింది. పాపం అనిపించిందో ఏమో, క్వార్టర్స్ నుంచి తెచ్చి వరండాలో బల్ల మీద పెట్టాడు. మంచం అటు వైపు తిప్పాం. కీ ఇచ్చి తిప్పి, సూది దించాడు.

ముందు గరగర. ఆ గరగర వెనక పియానో, ఎక్కడో నూతిలో వాయిస్తున్నట్టు. ఆ తర్వాత... మగ గొంతు. పడుచు గొంతు. మన పాటల్లా కాదు. ఒకే అక్షరాన్ని పట్టుకుని పైకి, ఇంకా పైకి తీసుకెళుతుంది. మనకి ఊపిరి ఆగుతుంది, ఆయనకి ఆగదు. వార్డులో ఇంకొక రోగి ఉండేది, పైడమ్మని మలేరియా మనిషి. ఆమె మూలగడం మానేసి విన్నది. పాట మంచి ఊపులో ఉండగా ముసలాయన వేలు పైకెత్తాడు. సరిగ్గా అప్పుడే పాట తెగిపోయింది. ముగియలేదు. తెగిపోయింది. ఇంకేం లేదు, గరగర.

"అంతేనా?" అన్నాను.

"ప్లేటు అయిపోయింది. పాట అయిపోలేదు," అన్నాడు గాలితో.

అప్పుడు చెప్పాడు, ఆ పడుచు గొంతు తనదేనని. మిలాన్‌లో ఒక హోటలు గది. గోడలోంచి పెద్ద రేకు గరాటు బయటికి వచ్చి ఉంటుంది. దానిలోకి మొహం పెట్టి పాడాలి. పై స్థాయికి వెళ్ళినప్పుడు వెనక్కి జరగాలి, లేకపోతే సూది అదిరిపోయి ప్లేటు పాడవుతుంది. ఈయనకి ఎప్పుడు జరగాలో తెలియక, వెనక ఒకడు నిలబడి చొక్కా పట్టుకుని లాగేవాడట. ఆ చొక్కా చిరిగిపోయిందని చెప్పి నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది. ప్లేటు నిండిపోతుంటే మెషీను దగ్గరవాడు వేలు ఎత్తాడట, ఆపమని. ఈయన ఆపేశాడు. మళ్ళీ ఇంకో ప్లేటు చేద్దాం, మిగతాది అందులో పాడుదువు అన్నారు. చెయ్యలేదు.

ఆయనలాంటి పాటగాళ్ళు చాలామంది ఉండేవాళ్ళట. పేర్లు చెప్పాడు. ఒక్కో పేరు చెప్పి ఆగేవాడు, నేను గుర్తుపడతానేమోనని. నాకేం తెలుస్తుంది... ఆ తర్వాత ఒకడొచ్చాడు, వాడి గొంతు ఆ గరాటుకి బాగా నప్పింది, దేశాలన్నీ వాడి ప్లేట్లే కొన్నాయి, మమ్మల్ని జనం మరిచిపోయారు అన్నాడు. కోపంగా కాదు. వర్షం వచ్చింది, బట్టలు తడిశాయి అన్నట్టు అన్నాడు.

సాయంత్రం డ్రెస్సరు గారికి కబురొచ్చింది. అవతలి డివిజన్లో ఎవరికో కత్తి దెబ్బ. సైనికుల లారీ వచ్చి ఎక్కించుకుపోయింది. కర్ఫ్యూ లోపల రాలేడని తెలుసు. గ్రామఫోను మందుల గదిలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా కొంగుకి కట్టుకున్నాను. ప్లేటు ఆయన తలగడ కింద పెట్టాను. ఇది గుర్తుంచుకోండి. నేనే పెట్టాను.

చీకటి పడింది. వార్డులో ముసలాయన, పైడమ్మ, నేను. బయట మెట్ల మీద కాపలాకి మాట్. స్పెషల్ కానిస్టేబులు. మలాయ్ కుర్రవాడు, హుటాన్ మెలింటాంగ్‌లో చేపలు పట్టేవాళ్ళ ఇంటివాడు. తుపాకీ అతని కంటే బరువుగా ఉండేది. నన్ను కాక్ అని పిలిచేవాడు, అక్కా అని. మాట చివర లా అని తగిలించేవాడు, అక్కడివాళ్ళ అలవాటు అది. అతనూ నాలాగే. కాపలా మార్చడానికి మనుషులు లేక రాత్రి తర్వాత రాత్రి అతనే. నేను కాఫీ కాచి ఇస్తే రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, తాగడం మరిచిపోయి కూర్చునేవాడు.

జల్లు పడి ఆగింది. కరెంటు ఇంజను ఆపేశారు. లాంతరు వత్తి తగ్గించాను. కప్పలు మొదలుపెట్టాయి. ఎక్కడో కొబ్బరికాయ రాలింది... దబ్బుమని. ముసలాయనకి ఒళ్ళు తుడిచాను. జ్వరం తగ్గలేదు. స్టూలు మీద కూర్చుని గోడకి తల ఆనించాను.

కప్పలు ఆగిపోయాయి.

అదే ముందు తెలిసింది నాకు. చప్పుడు కాదు, చప్పుడు ఆగడం. కప్పలన్నీ ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. పాము వచ్చిందేమో అనుకున్నాను. కళ్ళు తెరవలేదు.

అప్పుడు... సన్నగా. నది మీద ఏదైనా స్టీమరు కూత పెడుతోందేమో అనుకున్నాను. కూత అయితే ఆగుతుంది. ఇది ఆగలేదు. పైకి వెళ్ళింది. మెల్లగా వంగి కిందికి వచ్చింది. మళ్ళీ పైకి...

మనిషి గొంతు.

కళ్ళు తెరిచాను. పాట. మధ్యాహ్నం విన్న పాట. కాని గరగర లేదు. పియానో లేదు. వట్టి గొంతు. కొబ్బరి వరసల్లోంచి వస్తోంది. దూరంగా కాదు, మరీ దగ్గరా కాదు. వరండా చివరికీ లైన్ల కంచెకీ మధ్యలో ఎక్కడో. పడుచు గొంతు. ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతోంది. ప్లేటులో ఆ ఊపిరి లేదు.

బయట మాట్ లేచి నిలబడ్డ చప్పుడు. మెట్టు కిర్రుమంది.

"కాక్... వినబడుతోందా?"

తలుపు దగ్గరికి వెళ్ళాను. అతను తుపాకీ ఎత్తి చీకట్లోకి చూస్తున్నాడు. గొణిగినట్టు అన్నాడు, "అక్కడ ఎవరో ఉన్నారు లా. మనల్ని బయటికి రప్పించడానికి పాడుతున్నారు. నేను కాల్చాలి."

"కాల్చకు. ఆ వెనక లైన్లున్నాయి."

"ఆర్డరు కాక్. కాల్చకపోతే నన్ను అడుగుతారు."

రోడ్డు మలుపులో సైనికుల పోస్టు ఉంది. పాట అంత దూరం వినబడదేమో గాని తుపాకీ వినబడుతుంది. ఇక్కడ ఒక్కటి పేలితే అటు నుంచి వాళ్ళు మొదలుపెడతారు. పక్క ఎస్టేటులో అలాగే జరిగింది. తెల్లారి చూస్తే లైన్ల గోడలన్నీ చిల్లులు. మా గది ఈ వైపు చివరిది. గోడ వట్టి చెక్క పలక. గోడ పక్కనే మా పిల్లాడు పడుకుంటాడు.

"ఉండు. ఒక్క క్షణం ఉండు. లోపల చూసి వస్తాను," అన్నాను. లోపల చూసేది ఏముంది... ఏదో ఒకటి అనాలని అన్నాను.

ముసలాయన మంచం దగ్గరికి వెళ్ళి లాంతరు ఎత్తాను.

కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు మూసి ఉంది. పెదవులు ఒకదాని మీద ఒకటి గట్టిగా. నేను వంగి చూశాను, ఇంత దగ్గరగా. నోరు కదలడం లేదు. బయట పాట సాగుతోంది. దుప్పటి మీద ఆయన చూపుడువేలు మాత్రం కదులుతోంది. పాటతో పాటు. తలగడ కింద చెయ్యి పెట్టాను. ప్లేటు ఉంది. గుడ్డలో చుట్టినట్టే ఉంది. మందుల గది తలుపు చూశాను. తాళం వేసే ఉంది.

పాట ఊపందుకుంది. మధ్యాహ్నం తెగిపోయిన చోటికి వస్తోందని నాకే తెలిసింది. ఆయన వేలు పైకి లేచింది. ఇక్కడ... అన్నట్టు.

పాట ఆగలేదు.

ఆ వేలు గాలిలో అలాగే ఉండిపోయింది. పాట దాన్ని దాటుకుని ముందుకు వెళ్ళిపోయింది. ప్లేటులో లేని పాట. నేనెప్పుడూ వినని పాట. ఆయన తల నెమ్మదిగా నా వైపు తిప్పాడు. నేను ఆ మొహం మరిచిపోవాలని చాలా చూశాను. భయం కాదది. సంతోషమని కూడా అనలేను. బాగా అలసిపోయినవాడి బరువు ఇంకెవరో వచ్చి అందుకుంటే ఉంటుందే... అలాంటిదేదో.

బయట ఖట్‌మని చప్పుడు. మాట్ తుపాకీలో గుండు ఎక్కించాడు.

ముసలాయన కూడా విన్నాడు. యుద్ధం చూసినవాడు కదా, ఆ చప్పుడు తెలుసు. దుప్పటి తీసేశాడు. కాళ్ళు కింద పెట్టాడు. మధ్యాహ్నం నుంచీ లేచి కూర్చోలేని మనిషి. వద్దు తువాన్, వద్దు దొరా అంటూనే పట్టుకున్నాను. ఎడమ చెయ్యి ఆయన చంక కింద వేశాను. కుడి చెయ్యి వీపు మీద. చొక్కా తడిసి వీపుకి అతుక్కుని ఉంది. ఎముకలన్నీ తగులుతున్నాయి. నన్ను ఈడ్చుకుంటూ వరండాలోకి నడిచాడు.

మాట్‌కి వెనకాలే ముసలాయన నిలబడ్డాడు. చీకటి వైపు తిరిగి. బయట గొంతు ఊపిరి తీసుకోవడానికి ఆగింది...

ఆయన నోరు తెరిచాడు.

పాట మొదలైంది.

రెండూ ఒకేసారి. నోరు తెరవడం, పాట మొదలవడం. ఆయన నోరు గుండ్రంగా అయితే పాటలో అక్షరం గుండ్రంగా ఉంది. ఆయన దవడ దించితే గొంతు పైకి లేచింది. మాట్ గిరుక్కున వెనక్కి తిరిగాడు. తలుపులోంచి పడుతున్న లాంతరు వెలుగులో ముసలాయన్ని చూశాడు. తెరిచిన నోరు, మెడ మీద నరాలు, నుదుటి మీద చెమట.

"తువానా? తువానేనా పాడుతున్నది?"

నా వైపు చూశాడు. తుపాకీ ఇంకా పైకే ఉంది.

"ఆయనే," అన్నాను. "జ్వరంలో పాడుతున్నాడు. ఆయన పాటగాడు."

మాట్ తుపాకీ దించాడు. మెట్టు మీద కూలబడి రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

ఇప్పుడు నా చెయ్యి సంగతి చెబుతాను. మనిషి పాడితే, మాట్లాడితే, ఆఖరికి ఏడ్చినా, వీపు మోగుతుంది. పసిపిల్లని జోకొట్టిన వాళ్ళందరికీ తెలుసు. నా చెయ్యి ఆయన వీపు మీద పూర్తిగా ఆని ఉంది. లోపల ఊపిరి కొలిమి తిత్తిలా పోతోంది, వస్తోంది. సైకిలు టైరుకి చిన్న చిల్లు పడితే వస్తుందే, ఆ చప్పుడు వస్తోంది. అంతే. మోత లేదు. ఆయన లోపల పాట లేదు. నా మొహం ఆయన మొహానికి జానెడు దూరంలో ఉంది. ఆ నోట్లోంచి వస్తున్నది గాలి.

పాట కొబ్బరి వరసల్లోంచే వస్తోంది.

చివరికి ఒక స్వరం పట్టుకుంది. వదల్లేదు. ఆయన పట్టుకోలేక వణికిపోతున్నాడు, నా భుజం మీద గోళ్ళు దిగాయి. అది మాత్రం తొణకలేదు. తర్వాత ఆయన పెదవులు మూసుకున్నాయి. పాట ఆగింది. కప్పలు మళ్ళీ మొదలుపెట్టాయి.

లోపలికి మోసుకొచ్చినట్టే తెచ్చి పడుకోబెట్టాను. చెవి దగ్గరికి రమ్మని వేలితో పిలిచాడు.

"బాగుందా?" అని అడిగాడు.

"బాగుంది తువాన్. ఎవరది?"

వరండా వైపు చూశాడు. తర్వాత అన్నాడు, "పై స్వరం దగ్గర వెనక్కి జరగలేదు. చూశావా?"

ఎవరు జరగలేదు... తనా, అక్కడున్నవాడా. మలాయ్‌లో ఆ మాటకి నేను అనొచ్చు, వాడు అనొచ్చు, ఏదీ అనకుండా వదిలేయొచ్చు. ఆయన వదిలేశాడు. నిద్రపోయాడు.

నేను నిద్రపోలేదు. తెల్లవార్లూ ఆ స్టూలు మీదే కూర్చున్నాను. అంత అలసటలోనూ కళ్ళు మూతపడలేదు. పైడమ్మ గురక విన్నాను. కొబ్బరికాయలు రాలడం విన్నాను. కప్పలు విన్నాను. ఇంకేమీ వినలేదు. తెల్లారబోతుండగా మళ్ళీ జల్లు పడింది.

కర్ఫ్యూ ఎత్తేశాక కొబ్బరి వరసల్లోకి వెళ్ళి చూశాను. బురద, పీత కన్నాలు. అడుగులు లేవు. ఉన్నా ఆ జల్లుకి చెరిగిపోయి ఉండొచ్చు. లైన్ల కంచె దాకా నడిచాను. అమ్మ పొయ్యి రాజేస్తోంది. పిల్లాడు నిద్రమొహంతో గడపలో కూర్చుని ఉన్నాడు. రాత్రి ఏమైనా వినబడిందా అని అడిగాను. ఏటీ లేదే అంది అమ్మ. ఆసుపత్రి కంటే ఆ గొంతుకి వాళ్ళే దగ్గర.

పైడమ్మని అడిగాను.

"పాట ఇన్నాను. కల్లో అనుకున్నాను."

"ఏ వైపు నించి?"

"వైపేటి, తల్లీ. సెవిలోనే ఇనిపించింది."

డ్రెస్సరు గారు లారీ దిగేసరికే మాట్ అందరికీ చెప్పేశాడు, ముసలి తువాన్ రాత్రి పాడాడని. డ్రెస్సరు గారు నేరుగా వచ్చి స్పూనుతో నాలిక అదిమి గొంతు చూశాడు. నన్ను బయటికి పిలిచాడు.

"ఈ గొంతులోంచి పాట రాదు రత్నం."

"రాలేదు బాబూ." చెయ్యి సంగతి చెప్పాను.

ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. "కంటినిండా తొంగుని ఎన్నాళ్ళైందే నువ్వు? సెయ్యి తిమ్మిరెక్కుంటాది. మాట్ కళ్ళతో సూసినాడు. ఆడి మాటే ఉండనీ. బయట ఎవులో పాడినారంటే, ఎవులది అని మిలట్రీవోళ్ళు లైన్లలో ఇంటింటికీ వొస్తారు. అర్దమైందేటి?"

అర్థమైంది. అందుకే ఎస్టేటులో అందరికీ అదే మాట. దొర పాడాడు.

ఆ రోజే సిల్వియో దొరని లారీలో పట్నం ఆసుపత్రికి పంపారు. ఎక్కించేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఏదో అన్నాడు గాని ఇంజను చప్పుడుకి ఆ గాలి మాట వినబడలేదు. ఆ వానలు తగ్గకముందే పోయాడని డ్రెస్సరు గారు చెప్పాడు. ఎవరూ రాలేదట. ఎవరొస్తారు...

నాకు మాత్రం ఒక ఆలోచన వదల్లేదు. ఆయన బయటికి ఎందుకు వచ్చాడు? నిజంగా తనే పాడుతున్నాననుకుని వచ్చాడా? లేక ఆ చీకట్లో ఉన్నది ఎవరైనా సరే, గుండు తగలకూడదని వచ్చి నోరు తెరిచి నిలబడ్డాడా? ఒక్కోరోజు ఒక్కోలా అనిపించేది.

కొన్నేళ్ళకి మెర్దేకా వచ్చింది. స్వాతంత్ర్యం. మా పట్నం తెలుక్ ఆన్సన్ మైదానంలో పొద్దున్నే జనం. జెండాలు, బడిపిల్లలు, బ్యాండు. మా పిల్లాడు నా అంత ఎత్తయ్యాడు. వాణ్ణి తీసుకుని వెళ్ళాను. ఎండ బాగా ఉంది. ఐసు నీళ్ళు కొనుక్కుని గోడ నీడన కూర్చుంటే ఎవరో పిలిచారు, "కాక్ రత్నం."

మాట్. మీసం వచ్చింది. పక్కన భార్య, చంకలో పాప. తుపాకీ ఉద్యోగం మానేశాడట, పడవ కొనుక్కున్నాడట. భార్యకి నన్ను చూపించి, "ఆ తువాన్ పాడిన రాత్రి చెప్పానే, ఆ అక్క," అన్నాడు. ఆమె నవ్వి పాపకి జెండా చూపించడానికి అటు నడిచింది. మాట్ నా పక్కన గోడకి ఆనుకున్నాడు.

"కాక్, ఒక మాట. ఆ రాత్రి పాడింది తువాన్ కాదని నాకు తెలుసు."

గ్లాసు కింద పెట్టి అతని వైపు తిరిగాను.

"నాకు కాల్చాలని లేదు లా. కాల్చకుండా ఉండడానికి ఏదో ఒకటి కావాలి. తువాన్ వచ్చి నోరు తెరిచాడు. నువ్వు ఆయనే అన్నావు. నాకది చాలింది."

"ఆయన కాదని ఎలా తెలుసు నీకు?"

అతను నన్ను వింతగా చూశాడు, అది కూడా అడగాలా అన్నట్టు.

"మీరు లోపలికి వెళ్ళాక కూడా అది ఆగలేదు కదా. నువ్వు తలుపు వేశావు. అది పాడుతూనే ఉంది. అంత గట్టిగా కాదు, మెల్లగా. తెల్లవారి వాన వచ్చేదాకా. నేను మెట్టు మీద కూర్చుని విన్నాను. ముందు భయమేసింది. తర్వాత వెయ్యలేదు. చాలా అలసిపోయి ఉన్నాను కాక్. ఎవరో నాతోపాటు మేలుకుని ఉన్నట్టుంది."

అతని భార్య అటు నుంచి పిలిచింది. వెళ్ళబోతూ ఆగాడు.

"నీకూ వినబడింది కదా?"

బ్యాండు మొదలైంది. అవును అన్నట్టు తల ఊపాను. వినబడలేదని ఆ రోజున అతనికి చెప్పాలనిపించలేదు.

మాట్ అబద్ధమాడే మనిషి కాదు. నేనూ ఆ రాత్రంతా మేలుకునే ఉన్నాను, మా ఇద్దరికీ మధ్య ఒక్క పలక తలుపు. పాట ముసలాయన పెదవులతోపాటే ఆగిపోయిందని నేను ఇప్పటికీ అంటాను. తెల్లవార్లూ సాగిందని అతనంటాడు. ఎవరిది నిజమో నాకు తెలియదు... అక్కడ ఉన్నదెవరో అంతకంటే తెలియదు.